బొట్టు పెట్టిన కంప్యూటర్లు

కంప్యూటర్ టీచరుగా గజాలాకు ఆ బడిలో ఇది ఆరో ఏడు. గడిచిన ఐదేళ్లలో కంప్యూటర్ గది తలుపు తెరుచుకున్నది సరిగ్గా ఐదుసార్లు, దసరా పూజకు ఏడాదికోసారి. నవ్వులాటకు చెబుతున్న మాట కాదిది.

పొద్దున ఏడింటికి కోరుట్లలో బస్సెక్కి, జగిత్యాలలో దిగి, గొల్లపల్లి దారిలో ఉన్న ఆ పల్లెకు ఆటోలో వచ్చేది. చదివింది ఎంసీఏ, చేతికిచ్చింది సుద్దముక్క. పది కంప్యూటర్లు మాత్రం కవర్లు కప్పుకొని తాళం వేసిన గదిలో కొత్త పెళ్లికూతుళ్లలా కూర్చునేవి. తాళంచెవి హెడ్మాస్టరు లక్ష్మీరాజం సారు బీరువాలో ఉండేది. ఎప్పుడడిగినా ఆయనది ఒకటే జవాబు.

"పోరగాళ్లు ముట్టుకుంటే ఖరాబైతయ్ మేడం. రేపు పైనుంచి ఎవలన్న అచ్చి అడిగితే జవాబు చెప్పాల్సింది నేనే గదా."

ఆయన చాలడన్నట్టు లెక్కల సారు విఠల్ ఒకడు. వారానికి ఉన్నవే రెండు కంప్యూటర్ పీరియడ్లు, అందులో ఒకటి ఎత్తుకుపోయేవాడు. "మీదేమన్న మార్కుల సబ్జెక్టా మేడం, జర అడ్జస్టు చేసుకోండ్రి" అనేవాడు. ఆ మాట వింటే గజాలాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా ఏడాదేడాదికీ రాసే కాంట్రాక్టు నౌకరీ, నోరు మూసుకునేది.

కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ పాఠం ఎట్లా చెప్పాలి? ఆ ఊళ్లో సగం ఇళ్లలో తల్లులు బీడీలు చేస్తారు. ప్రోగ్రాం అంటే వరసగా చెప్పే పనులే గదా అని, గజాలా బీడీలనే బోర్డు మీదికి ఎక్కించింది. ఆకు కత్తిరించు, తంబాకు వెయ్యి, చుట్టు, దారం కట్టు. ఇరవై ఐదైతే కట్ట కట్టు. వెయ్యి బీడీలు కాకపోతే మళ్లీ మొదటికి పో. తొమ్మిదో తరగతి పిల్లలకు అది గంటలో తలకెక్కింది. బీడీలు చేసే లక్ష్మవ్వ బిడ్డ దీవెన అయితే లేచి నిలబడి, "మేడం, నడుమల ఆకు చినిగితే? గది గుడ రాయాలె గదా" అంది. ఆ రోజు బస్సులో గజాలా ఒక్కతే నవ్వుకుంటూ ఇల్లు చేరింది.

ఈ ఏడు జూన్‌లో బడికి సర్కారు కాగితం వచ్చింది. కంప్యూటర్ సైన్స్ ఇక లెక్కలతో సమానమైన సబ్జెక్టు. పరీక్ష ఉంటుంది, అందులో ఇరవై మార్కులు కంప్యూటర్ ముందు కూర్చుని చేసి చూపాలి. గజాలా ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. ఇక తాళం తీయక తప్పదనుకుంది పాపం.

తాళం రాలేదు. దసరా సెలవులకు నాలుగు రోజుల ముందు హెడ్మాస్టరు దగ్గర్నుంచి మార్కుల జాబితా వచ్చింది. దీవెన తరగతిలోని ముప్పై రెండు మంది పేర్లు, అందరికీ ఇరవైకి పద్దెనిమిది. ఆమె సంతకానికి మాత్రం చోటు వదిలారు.

"పరీక్ష ఎప్పుడు పెట్టిండ్రు సార్?" అని అడిగింది.

"పెట్టినట్టే అనుకోండ్రి. పిల్లలకు మార్కులస్తే మీకేం కష్టం?" అన్నాడు లక్ష్మీరాజం సారు.

"పూజ నాడు ఎట్లాగు గది తీస్తరు. గా రోజు పరీక్ష పెట్టినంక సంతకం చేస్త" అంది. ఆరేళ్లలో ఆమె ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

పూజంటే గజాలాకు కోపమేమీ లేదు. కోరుట్లలో వాళ్ల నాన్న అబ్దుల్ రహీం రేడియోలు బాగుచేసే దుకాణంలోనూ, పక్క కొట్టు రమేశ్ దసరాకు తన సామానుతో పాటు నాన్న స్క్రూడ్రైవర్లకూ బొట్టు పెట్టేవాడు. మర్నాడు నాన్న వాటిని తుడుచుకుని పనిలో పడేవాడు. మొక్కింది పని చేయడానికే గదా, మూలన పెట్టడానికా?

సెలవుల ముందు చివరి రోజు, పూజ రోజు వచ్చింది. సారు గది తెరిచి ప్రతి కంప్యూటర్ స్విచ్చు మీదా తడి పసుపు మెత్తి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి నీళ్లు చల్లాడు. పేలాలు పంచాడు. ఆయన తాళం అందుకునేలోపు గజాలా పిల్లల్ని లోపలికి తోలింది.

"ఏడ నొక్కాలె మేడం?" అంది దీవెన.

గజాలా పసుపు తుడిచి చూపింది. కింద పాత పసుపు, దాని కింద ఇంకా పాత పసుపు గట్టిపడి ఉంది. గోటితో గీకితే గానీ స్విచ్చు కనబడలేదు. గదిలో లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. దీవెన నొక్కింది, కంప్యూటర్ రాలేదు. రెండోదీ రాలేదు. పదీ నొక్కి చూశారు. వెనక్కి తిప్పితే ఏముంది, ఏటేటా రాలిన పేలాలకు మరిగిన ఎలుకలు వైర్లు కొరికి గూళ్లు పెట్టుకున్నాయి. కీబోర్డుల్లో కొబ్బరినీళ్లు ఎండి చీమలు పట్టాయి.

లక్ష్మీరాజం సారు తలుపు దగ్గర నిలబడి నింపాదిగా అన్నాడు. "నేను చెప్పలే? పోరగాళ్లు ముట్టుకుంటే ఖరాబైతయని."

గజాలా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుఃఖంతో కాదు, కోపంతో. ముట్టుకోనిస్తే బతికేవి. ఏ పిల్లా ముట్టుకోకుండానే వాటిని చంపి, ఆ పాపం కూడా పిల్లల నెత్తిన రుద్దుతున్నాడు ఈ పెద్దమనిషి.

ఆమె బ్యాగులోంచి జాబితా తీసి బల్ల మీద పరిచింది. ముప్పై రెండు పద్దెనిమిదులనూ పైనుంచి కిందిదాకా ఒక్క గీతతో కొట్టేసింది.

"మార్చి దాటితె మీ నౌకరీ ఉండది మేడం, సోచాయించుకోండ్రి" అన్నాడు సారు.

"ఉండకపోని సార్."

దీవెన ఆమె కొంగు పట్టుకుంది. "మేడం, మరి మాకు సున్ననా?"

"మీకెందుకు బిడ్డా సున్న. అది ఎవలకో రాస్త చూడు" అని, జాబితా అడుగున పెద్ద అక్షరాలతో రాసింది: పరీక్ష జరగలేదు. పది కంప్యూటర్లూ పనిచేయవు. ఆరేళ్లలో పిల్లలు వీటిని ముట్టుకున్నది ఈ ఒక్క రోజే.

కింద సంతకం పెట్టి, తేదీ వేసింది.