ఎవరూ వచ్చి తీసుకోని పెళ్ళి ఫోటో

పోస్టుమన్‌గా రిటైరయ్యాక నాకు దొరికిన పని పాత ఫోటోల్లోని చోట్లను గుర్తుపట్టడం. నేను వెతుక్కున్న పని కాదది. బందరులో మా వీధి చివర ఫోటో స్టూడియో నడిపిన ఒక ముస్లిం పెద్దాయన నాకు స్నేహితుడు. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. ముప్పై ఏళ్ళపాటు ఆయనకు ఉత్తరాలు అందిస్తూ అందిస్తూ ఒకరినొకరం ‘బావా’ అని పిలుచుకునే చనువులో పడ్డాం. ఫోన్లతో అందరూ ఫోటోలు తీసుకోవడం మొదలయ్యాక ఆయన వ్యాపారం ఎప్పుడో చల్లబడింది. తరువాత రోడ్డు వెడల్పు చేస్తామని స్టూడియో ముందు గోడ మీద ఎర్రగీత గీసి వెళ్ళారు. అప్పటికే ఆయనకు కళ్ళల్లో నీటికాసులు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది పోతోంది.

స్టూడియో ఖాళీ చేస్తుంటే రెండు ఇనప్పెట్టెల నిండా ఫోటోలు బయటపడ్డాయి. పెళ్ళిళ్ళకూ సభలకూ తీసిన తరువాత రీలు చివర ఒకటో రెండో ఫ్రేములు మిగిలిపోతే, వాటితో ఆయన ఊరి వీధులు తీసేవారట. అలా నలభై ఏళ్ళు తీశారు. దేని వెనకా ఒక్క ముక్క రాసి లేదు.

“చూపు ఉండగానే ఇవన్నీ ఎక్కడివో వెనకాల రాయించాలి బావా. నువ్వు చూసి చెప్పు, నేను గుర్తుచేసుకుంటాను” అన్నారాయన.

రోజూ పొద్దున్నే టీ తాగి కూర్చునేవాళ్ళం. నేను ఫోటో చేతిలోకి తీసుకుని అందులో ఏముందో చెప్పేవాణ్ణి. ఆయన ప్రశ్నలు వేసేవారు. నీడ ఎటు పడింది, కరెంటు స్తంభం చెక్కదా ఇనపదా, కాలవ ఇళ్ళవైపు ఉందా రోడ్డువైపు ఉందా. నేను మనుషుల మొహాలు మరిచిపోతాను గాని ఇళ్ళ అరుగులు మరిచిపోను. ఏ ఇంటి ఉత్తరాల డబ్బా ఎంత ఎత్తులో ఉండేదో ఇప్పటికీ నా చేతికి తెలుసు. అందుకని చాలా చోట్లు దొరికాయి.

ఒక ఫోటోలో నాలుగు మెట్ల ఇల్లుంది. పరాసుపేట అని ఆయన, కాదని నేను. ఆ వీధిలో నాలుగు మెట్లెక్కి ఉత్తరం ఇచ్చిన ఇల్లు నాకు గుర్తులేదు. తేల్చుకుందామని ఆటోలో వెళ్ళాం. ఆ కిటికీ చువ్వలే, ఆ గుమ్మమే. మెట్టు మాత్రం ఒక్కటే. ఇంట్లో ఉన్న పెద్దావిణ్ణి అడిగితే, మిగతా మూడూ రోడ్డు కింద ఉన్నాయని చెప్పింది. రోడ్డు వేసిన ప్రతిసారీ ఒక మెట్టు లోపలికి పోయిందట. వానాకాలం నీళ్ళు ఇంట్లోకే వస్తున్నాయని కూడా చెప్పింది.

ఆ రోజు నవ్వుకున్నాం గాని, పెట్టె సగానికి వచ్చేసరికి నవ్వు తగ్గిపోయింది. చోటు దొరికినా అక్కడ ఇప్పుడు ఏమీ ఉండడం లేదు. మొదట్లో ఊరిపేరు, వీధిపేరు రాసి, కింద ‘ఇప్పుడు లేదు’ అని రాసేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆయనే వద్దన్నారు. అది రాయడం మొదలుపెడితే అన్నిటికీ రాయాల్సొస్తుందన్నారు.

రెండో పెట్టె అడుగున ఒక బ్రౌన్ కవరుంది. అందులో ఒకే పెళ్ళివి నాలుగు ఫోటోలు. మూడింట్లో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ. నాలుగోది పెద్ద గుంపు ఫోటో. పెంకుటి బడి ముందు ఇరవైమంది దాకా నిలబడి ఉన్నారు. బడి గోడ మీద ఊరి పేరులో చివరి ముక్క ‘పాలెం’ మాత్రమే కనిపిస్తోంది. పక్కన నూతి దగ్గర రెండు రాతి స్తంభాలు, అందులో ఒకదాని తల విరిగి ఉంది. నేను ఇదంతా చెబుతుంటే ఆయన కవరు చేతిలోకి తీసుకుని తడిమారు.

తరువాత మెల్లిగా చెప్పారు. కుర్రతనంలో దివిసీమలో ఎవరో పిలిస్తే వెళ్ళి తీసిన పెళ్ళి అది. కోడూరు దాకా బస్సు, అక్కణ్ణించి ఎడ్లబండి. ఊరి పేరు మాత్రం ఆయనకు గుర్తుకు రాలేదు. వారం పదిరోజుల్లో బందరు వచ్చి ఫోటోలు తీసుకుంటామన్నారు. పనుల మీద రావడం ఆలస్యమైంది. ఈలోగా ఉప్పెన వచ్చింది. సముద్రం పక్క ఊళ్ళు కొట్టుకుపోయాయని బందరంతా చెప్పుకున్నారు. ఏడాదిపాటు ఆ కవరు ఆయన కౌంటరు మీదే ఉంది.

“ఒక్కసారైనా వెళ్ళి చూడాల్సింది బావా మీరు” అన్నాను.

“వెళ్ళి ఏమని అడగను? ఉన్నారా అని అడగాలి కదా” అన్నారాయన.

దివిసీమలో పాలెం కాని ఊరు తక్కువ. అయినా ఒక ఉదయం ఇద్దరం బస్సెక్కాం. చల్లపల్లి, అవనిగడ్డ దాటి కోడూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. పాలకాయతిప్ప వెళ్ళే దారిలో ఊరూరా ఆగాం. ఒకప్పుడు పొలాలున్న చోట ఎటు చూసినా రొయ్యల చెరువులు, వాటిలో గిరగిరా తిరిగే చక్రాలు. మూడో ఊళ్ళో ఒక చెరువు గట్టు మీద, పంపుసెట్టు పైపును ఆనించిన రాయి చూసి ఆటో ఆపించాను. దాని తల విరిగి ఉంది. రెండో రాయి పది అడుగుల దూరంలో మట్టిలో సగం కూరుకుపోయి ఉంది. బడి లేదు, నుయ్యి లేదు.

చెరువు దగ్గర కాపలా ఉన్న రైతు డెబ్భై దగ్గరపడ్డ మనిషి. నేను ఇచ్చిన ఫోటో తీసుకుని ఎండకు అడ్డంగా చెయ్యి పెట్టుకుని చూశాడు. “వీడు మా అన్న” అన్నాడు. వేలు పక్కకు జరిపి, “వీళ్ళల్లో ఉప్పెన తరువాత మిగిలింది నేనూ, నా వెనకాల కనబడీ కనబడనట్టున్న మా బాబాయి. ఆ మధ్య ఆయనా పోయాడు” అన్నాడు. తరువాత ఫోన్ చేసి ఎవరినో రమ్మన్నాడు.

వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. ఉప్పెన నాటికి ఐదేళ్ళ పిల్ల. తల్లీ తండ్రీ తమ్ముడూ పోతే, గుడివాడలో దూరపు చుట్టాలు తీసుకువెళ్ళి పెంచారు. మళ్ళీ ఈ ఊళ్ళోకే కోడలిగా వచ్చింది. తల్లి ఫోటో అనేది ఆమె దగ్గర ఎప్పుడూ లేదు. ఆమె తడిచేతులు కొంగుకు రెండుమూడుసార్లు తుడుచుకుని ఫోటో అందుకుంది. ఎంతోసేపు వెతకలేదు. ఎడమవైపు పసిపిల్లను చంకనెత్తుకున్న ఒకామె మీద వేలు పెట్టి, “ఇదుగోండి మా అమ్మ” అంది. ఏడుస్తూ నవ్వింది.

రైతు ఫోటోలోకి వంగి చూసి, తల అడ్డంగా ఊపబోయి ఆగాడు. అనకుండా ఉంటే బాగుండునని నాకు అనిపించింది గాని, అతను అనకుండా ఉండలేకపోయాడు.

“కాదమ్మా. అది మీ మేనత్త. మీ అమ్మ ఇటు చివరనుంది చూడు, గళ్ళచీర.”

గళ్ళచీర మనిషి మొహం పక్కకు తిప్పి ఉంది. కెమెరా నొక్కిన క్షణంలోనే కదిలినట్టుంది, చెంప, చెవి దాకా తెలుస్తున్నాయి, మిగతాదంతా చెదిరిపోయింది.

“నువ్వు నూతివైపు పరిగెత్తావు. నిన్నే పిలుస్తోంది” అన్నాడు రైతు.

ఆమె ఫోటోను ఇంకా దగ్గరగా పెట్టుకుంది. “అయితే మావయ్యా, ఇన్నేళ్ళూ నా కళ్ళల్లో ఉన్నది అత్తన్నమాట” అంది. గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు గుడివాడలో భయమేసినప్పుడల్లా ఆ మొహాన్నే తలుచుకుని నిద్రపోయేదట. అమ్మమ్మ ఎలా ఉండేదని పిల్లలు అడిగితే ఆ మొహాన్నే వర్ణించి చెప్పిందట.

నా పక్కన ఫోటోగ్రాఫరు బావ తలవంచుకుని నిలబడి ఉన్నారు. ఆయనకు ఫోటో కనపడదు. “పిల్ల పరిగెత్తడం నాకు గుర్తే. ఇంకోటి తీద్దామనుకున్నాను. ఈలోగా భోజనాలకు లేచారు” అన్నారు. తరువాత నా భుజం పట్టుకుని, “మొహం బాగా తెలుస్తోందా బావా?” అని అడిగారు.

“తెలుస్తోంది” అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది గాని, నా మాట కాదనలేదు.

ఆ ఫోటోలూ నా ఫోన్ నంబరూ ఆమెకు ఇచ్చేసి వచ్చాం. తిరుగు బస్సు చల్లపల్లి దాటింది. దాటాక, మనం వెళ్ళకుండా ఉండాల్సిందేమో అన్నారు. నాకూ అలాగే ఉంది.

రెండు నెలల తరువాత ఆమె ఫోన్ చేసింది. ఫోటో రోజూ చూస్తోందట. అయినా కళ్ళు మూసుకుంటే ఇంకా అత్తే కనబడుతోందట. ఆ పెళ్ళిలో తీసినవి ఇంకేమైనా ఉన్నాయేమో అని అడగడానికి చేసింది. అప్పటికి స్టూడియో ముందు భాగం కూలగొట్టేశారు. ఆయనకు రెండో కన్ను కూడా పోయింది. మంచం మీదే ఉంటున్నారు. విషయం చెప్పగానే, ఇంట్లో అటక మీది నెగెటివ్‌ల డబ్బా దింపమని తొందరపెట్టారు.

ఆ పెళ్ళి నెగెటివ్‌లు పదకొండు దొరికాయి. ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో పట్టి చూసి చెప్పాను. దాదాపు అన్నీ పెళ్ళిపీటల మీదవే. ఒక దాంట్లో మాత్రం భోజనాల పంక్తి ఉంది. వడ్డించడానికి వంగి లేస్తున్న ఒక మనిషి, గళ్ళచీర. మనవైపు వీపు ఉంది.

“ఇదీ వెనకనించే బావా, లాభం లేదు” అన్నాను.

“పంపు. వెనకనించైనా వాళ్ళమ్మే కదా” అన్నారాయన.

ప్రింటు వేయించి రిజిస్టరు పోస్టులో పంపాను. తరువాత ఆయన ఆరోగ్యం పాడై ఆసుపత్రి, ఇల్లు అంటూ తిరగడంలో ఆ సంగతే మరిచిపోయాను. ఆయన పోయిన పదిరోజులకు ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. కవరు అలాంటి పేరే ఉన్న ఇంకో పాలెం తిరిగి ఆలస్యంగా చేరిందని చెప్పింది.

“ఇది మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయిందండీ” అంది. “ఎప్పుడూ ఆవిడ కొంగు పట్టుకుని వెనకాలే తిరిగేదాన్ని. ఆ వీపు, ఆ జడ నాకు తెలుసు. ఆ ఫోటో తీసినాయనకి చెప్పండి.”

చెబుతానన్నాను. ఆయన లేరని ఆ రోజు అనలేకపోయాను.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఆయన భార్యకు చెప్పాను. ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విని, “ఈ మాట పది రోజుల ముందు వచ్చుంటే ఎంత బావుండేది అన్నయ్యగారూ” అంది.