తొందరపడిన మొదటి పేజీ

వంటింటి అరలు మార్పించాలని అమ్మ ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. పోయిన శనివారం సీసాలన్నీ కిందికి దించే పని నా మీద పడింది. ఆవకాయ జాడీ కింద పరిచిన కాగితం మీద గుండ్రంగా నూనె మరక, ఆ మరకలోంచి నవ్వుతూ పేపర్ అంకుల్. ఆయన ఫోటో పైన ఎర్రటి పెద్ద అక్షరాల్లో "కౌన్సిల్లో మనవాడు!" అని ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆ కాగితం అచ్చయిన రోజే ఆయన ఓడిపోయారు.

ఆయన మాకు బంధువు కాదు. న్యూజెర్సీలో మా వీధి చివరి ఇల్లు ఆయనది. పగలు మందుల కంపెనీలో కెమిస్టు, సాయంత్రం నుంచి పబ్లిషరు. గరాజులో రెండు కంప్యూటర్లు, ఒక మడత బల్ల పెట్టి తెలుగు వారపత్రిక నడిపేవారు. కారు పాపం బయట మంచులో ఉండేది. పత్రిక ఉచితం. ఓక్ ట్రీ రోడ్డు మీద కిరాణా దుకాణాల గుమ్మాల్లో, ఉల్లిపాయల బస్తాల పక్కన దొంతరగా పెట్టి ఉండేది. జనం కొత్తిమీర కట్టతో పాటు ఒకటి తీసి కార్ట్‌లో వేసుకునేవారు. సగం పేజీల్లో నగలు, విమానం టిక్కెట్లు, అమ్మకానికి ఇళ్ళు. మిగతా సగంలో పిల్లల అరంగేట్రాలు, వీసా ప్రశ్నలకు జవాబులు. హైస్కూల్లో ఉండగా వారాంతాల్లో నేను అక్కడికి వెళ్ళి ఇంగ్లీషు పేజీలో తప్పులు దిద్దేదాన్ని. నాకు సరిపోయిన ఉద్యోగం అది. అక్కడ అందరూ మాట్లాడేవారే కానీ, నేను మాట్లాడాలని ఎవరూ ఎదురు చూసేవారు కాదు. ఇంటికొచ్చాక విన్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. తెలుగు చదవడం కూడా అక్కడే పట్టుబడింది. తడుముకోకుండా నేను చదివిన మొదటి మాటలు ఒక నగల ప్రకటనలోవి: "తరుగు లేదు".

పత్రిక కోసం ఆయన మా ఊరి మునిసిపాలిటీ లాంటి టౌన్‌షిప్ కౌన్సిల్ సమావేశాలకు వెళ్ళి వెనక వరసలో కూర్చునేవారు. మా వీధి చివర పెద్ద రోడ్డు ఉంది, అవతల గుడి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు చీర మీద స్నీకర్లు వేసుకుని, చేయి అడ్డంగా చాపి కార్లను ఆపుకుంటూ ఆ రోడ్డు దాటేవారు. అక్కడొక సిగ్నల్ పెట్టమని ఆయన సమావేశాల్లో లేచి అడిగేవారు. పరిశీలిస్తామని కౌన్సిల్ వాళ్ళు మర్యాదగా చెప్పేవారు. అలా అడిగీ అడిగీ చివరికి, "వెనక కూర్చుని అడిగితే ఇంతే, ఆ బల్ల అవతలికి వెళ్ళాలి" అని తానే ఎన్నికల్లో నిలబడ్డారు.

ప్రచారం బ్రహ్మాండంగా సాగింది. ఎన్నికల ముందు ఒక బాంకెట్ హాల్లో విందు పెడితే కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. అమ్మ పెద్ద పెద్ద అల్యూమినియం ట్రేలలో పులిహోర చేసి పంపింది. ఆయన భార్య, మా ఆంటీ ఒక్కరే అనుమానంగా చూశారు.

"ఏమండీ, ఈ జనం మీ కోసం వచ్చారా, బిర్యానీ కోసం వచ్చారా?"

"బిర్యానీ కూడా నాదేగా!" అన్నారు అంకుల్.

పత్రిక అచ్చయ్యే ప్రెస్సు వేరే ఊళ్ళో ఉండేది. చిన్న పత్రికలకు వాళ్ళిచ్చే సమయం మంగళవారం మధ్యాహ్నం. ఎన్నికలూ మంగళవారమే. ఆ ముందు ఆదివారం మొదటి పేజీ చూసి, "రిజల్ట్ రాత్రికి కదా అంకుల్ వచ్చేది?" అన్నాను. ఆ గరాజులో అంతవరకూ నేను మాట్లాడిన అతి పొడుగు వాక్యం బహుశా అదే.

"హాల్ చూశావు కదా తల్లీ, ఇంకా డౌటా?"

"ఒక్క వారం ఆగితే అక్షరాలేమైనా పాచిపోతాయా?" అన్నారు ఆంటీ లోపలి నుంచి. ఆయన ఆగలేదు.

బుధవారం తెల్లారేసరికి పత్రిక దుకాణాల్లో ఉంది, ఆయన ఓటమి అందరి ఫోన్లలో ఉంది. స్కూల్ అవగానే నన్ను కార్లో ఎక్కించుకుని, మిగిలిన కాపీలు వెనక్కి తేవడానికి బయల్దేరారు. ఒక దుకాణంలో పేపర్ మాత్రమే చూసిన యజమాని "కంగ్రాట్స్ సార్" అని మైసూర్‌పాక్ చేతిలో పెట్టాడు. ఆయన అది పూర్తిగా తిని, చేతులు తుడుచుకుని, అప్పుడు విషయం చెప్పారు. చివరికి మా ఇంటికి వచ్చారు.

"చెల్లెమ్మా, పేపర్లుంటే ఇచ్చెయ్."

"అయ్యో, అంతమంది వచ్చారే అన్నయ్యగారూ!"

"వచ్చారు. నువ్వు ఓటేశావా?"

"నాకెక్కడిదండీ? నాది గ్రీన్ కార్డే కదా."

"మరి అంత పులిహోర చేశావు?"

"పులిహోరకి సిటిజన్‌షిప్ అడగరుగా!"

ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఆ హాల్లో ఎవరెవరు వచ్చారో తలచుకుంటూ కూర్చున్నారు. సగం మంది పక్క టౌన్‌షిప్ వాళ్ళు. మిగతావాళ్ళలో ఎక్కువమంది హెచ్‌వన్ వీసా మీదో, గ్రీన్ కార్డ్ మీదో ఉన్నవాళ్ళు. వారం వారం వీసాల గురించి అచ్చు వేసే మనిషికి వీళ్ళకెవరికీ ఇక్కడ ఓటు లేదన్న సంగతి హాల్లో తట్టలేదు. అమ్మ మాత్రం ఒక కాపీ దాచేసిందని నాకు పోయిన శనివారమే తెలిసింది.

తరువాతి సంచిక మొదటి పేజీలో "పోయిన వారం ఇక్కడ వేసిన వార్త తప్పు. నేను ఓడిపోయాను" అని వేసుకున్నారు. కింద నిండిన హాల్ ఫోటో, దాని కింద "వీరిలో ఓటున్నవారు చేతులెత్తండి" అని. అప్పటి నుంచి వీసా పేజీ పక్కన పౌరసత్వ పరీక్ష ప్రశ్నలు రావడం మొదలైంది. పౌరసత్వం తీసుకోవడానికి అమ్మ ఒక పట్టాన ఒప్పుకోలేదు. "రేపు మా అమ్మకి ఏమైనా అయితే, నా ఊరికి నేను వీసా అడుక్కుని వెళ్ళాలా?" అంది. ఆయన వాదించలేదు. వీసా లేకుండా వెళ్ళి రావడానికి ఉన్న కార్డు సంగతి ఆ వారం పత్రికలో వేసి, ఆ కాపీ తెచ్చి మా మెయిల్‌బాక్స్‌లో పెట్టి వెళ్ళారు. చాలాకాలానికి అమ్మ ఉప్మా కలుపుతూ, సెనేటర్ల సంఖ్య నాకు అప్పజెప్పడం మొదలుపెట్టింది. పౌరసత్వ ప్రమాణం చేసి వచ్చిన రోజు అక్కడిచ్చిన చిన్న అమెరికా జెండాను ఎక్కడ పెట్టాలో తోచక తులసి కుండీలో గుచ్చింది.

నాలుగేళ్ళకు ఆయన మళ్ళీ నిలబడ్డారు. ఈసారి విందు లేదు, ఇల్లిల్లూ తిరిగారు. కాలేజీ నుంచి వచ్చినప్పుడల్లా నేను కరపత్రాలు పట్టుకుని ఆయనకు ఒక అడుగు వెనక నిలబడేదాన్ని. తలుపు తీయగానే ఆయన మొదటి ప్రశ్న, "ఓటుందా అమ్మా?" అమ్మా నేనూ కలిసి వెళ్ళి ఓటేశాం. ఆయన కొద్ది తేడాతో గెలిచారు. ఆ వారం మొదటి పేజీలో ఎవరో పాప అరంగేట్రం ఉంది. "ఓడినప్పుడు గెలిచానన్నారు, గెలిచినప్పుడు నోరెత్తలేదు" అని ఆంటీ అందరికీ చెప్పుకున్నారు. రెండు సార్లు కౌన్సిల్లో ఉన్నారు. సిగ్నల్ వచ్చింది. జనం అన్నీ ఫోన్లలోనే చదవడం మొదలుపెట్టాక పేపర్ తీసుకునేవాళ్ళు తగ్గి, పత్రిక ఆగిపోయింది. ఇప్పుడు ఎడారి ప్రాంతంలోని చాండ్లర్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. ఫోన్ చేస్తే ముందు అక్కడి ఎండల గురించి వార్తలు చదువుతారు.

కాగితాన్ని చెత్తబుట్టలో వేయబోతుంటే అమ్మ ఆపింది.

"పడెయ్యకు. కొత్త అరలో మళ్ళీ పరుస్తాను."

"తప్పు వార్త కదమ్మా?"

"తప్పేముంది? నాలుగేళ్ళు ముందొచ్చింది, అంతే."

నేను దాన్ని మడవకుండా బల్ల మీద పెట్టాను. ఆ నూనె ఆయన చొక్కా దాటి, ఎర్ర అక్షరాల దాకా పాకి ఉంది. కాలం కదలడం కూడా ఇలాగే కాబోలు, రోజూ వంటింట్లో తిరుగుతుంటే కనిపించదు. జాడీ తీసి చూసినప్పుడే ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.