దేవకుమారి తూచిన డాలర్లు

ఆ గురువారం పొద్దున దేవకుమారి ఇంట్లో చేసిన చివరి పని, పాలు కొనగా మిగిలిన చిల్లరలోంచి ఒక క్వార్టర్, అంటే పావు డాలర్ బిళ్ళ, తీసి వంటింటి గట్టు మీద పడేసి దాని చప్పుడు వినడం. వెండి ఉన్న పాత క్వార్టర్ అయితే మోత సన్నగా సాగి కాసేపు నిలుస్తుంది. ఇది ఠక్కుమని ఆగిపోయింది. "కాదు" అనుకుని, దాన్ని పార్కింగ్ మీటర్ కోసం ఉంచిన గ్లాసులో వేసి, "అన్నం అయ్యాక కుక్కర్ ప్లగ్ తీసేయండి" అని భర్తతో చెప్పి వెళ్లిపోయింది.

పదకొండింటికి ఆమె పనిచేసే నాణేల షాపు నుంచి ఫోన్ వచ్చింది. భర్త సుందర్ రాజ్ ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. ఆమెకి నలభై నాలుగేళ్లు. అది 1987 అక్టోబరు.

పెళ్లికి ముందు ఆమె గుంటూరులో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిల్లలకి ప్రయోగాలు చేసి చూపించేది. డెబ్బై మూడులో సుందర్ రాజ్ వెంట కాలిఫోర్నియా వచ్చింది. అతనిది ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం, అక్కడి డబ్లిన్ అనే ఊళ్లో అద్దె ఇల్లు. అప్పట్లో డబ్లిన్ అంటే ఎండుగడ్డి కొండల మధ్య కాసిని ఇళ్లు, పక్కన ఫ్రీవే. తెలుగు మాట వినబడాలంటే ఆదివారం హేవార్డ్ ఊరి దాకా వెళ్లాలి. అక్కడ ఒక అమెరికన్ చర్చి వాళ్లు దయతలచి ఇచ్చిన పక్క హాల్లో పాతికమంది తెలుగువాళ్లు ఆరాధన చేసుకునేవాళ్లు.

హేవార్డ్‌లోనే వాల్టర్ అనే పెద్దాయన నాణేల షాపు నడిపేవాడు. దేవకుమారి అందులో కవర్ల మీద పేర్లు టైపు చేసే పనికి చేరింది. చేరిన రెండో నెలలో ఒక పాత డాలర్ మీద వాల్టర్‌కి అనుమానం వచ్చింది. ఆయన భోజనానికి వెళ్లివచ్చే లోపల ఆమె ల్యాబ్ అలవాటు కొద్దీ నాణెం అంచుని ఆకురాయితో కాస్త గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేసి చూసింది. ఆయన రాగానే, "వెండే" అంది సంబరంగా.

వాల్టర్ ఆ గీత వంక చాలాసేపు చూశాడు. "వెండే. కానీ ఇప్పుడిది ఒట్టి వెండి మాత్రమే" అన్నాడు.

ఆ మాట ఆమెకి బాగా తగిలింది. "మన దగ్గర కంసాలి గీసి చూస్తేనే నమ్మకం. ఇక్కడ గీశామంటే దాని పని అయిపోయినట్టేనండీ. సేకరించేవాళ్లు ఇంక దాన్ని ముట్టుకోరు" అని ఇంటికొచ్చి భర్తతో చెప్పుకుంది. వారం రోజులు ముభావంగా తిరిగింది. తర్వాత ఒక కాలేజీ వాళ్లు పాత సామాను అమ్ముతుంటే రెండు పళ్లేల త్రాసు కొనుక్కొచ్చి, నాణేన్ని మామూలుగా ఒకసారి, సన్నదారంతో నీళ్ల గ్లాసులో వేలాడదీసి ఒకసారి తూచడం మొదలుపెట్టింది. నీళ్లలో ఎంత బరువు తగ్గిందో చూసి లెక్క కట్టేది. నూటికి తొంభై పాళ్లు వెండి ఉన్న పాత డాలర్ తన పరిమాణమంత నీటికి పదింతలకి పైగా తూగుతుంది. రాగి, నికెల్ కలిపినదైతే తొమ్మిదింతల దగ్గరే ఆగిపోతుంది. నాణెం మీద గీత కూడా పడదు. ఆ తర్వాత వాల్టర్ ఏ నాణేన్నీ ఆమె చేతి మీదుగా వెళ్లకుండా కొనలేదు.

1980 జనవరిలో వెండి ధర ఎన్నడూ లేనంత ఎత్తుకి వెళ్లింది. షాపు ముందు పేవ్‌మెంట్ మీద జనం బారులు తీరారు. అమ్మమ్మల చెంచాలు, పెళ్లినాటి పళ్లేలు, సాక్సుల్లో మూటగట్టిన డాలర్లు పట్టుకొచ్చేవాళ్లు. ఆ నెలలోనే ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, దైవాశీర్వాదం మాస్టారు ఒక బిస్కెట్ డబ్బా ఒళ్లో పెట్టుకుని దేవకుమారి వాళ్ల కారెక్కి ఇంటికొచ్చాడు.

ఆయన రేపల్లెలో హెడ్మాస్టరుగా రిటైరై, కూతురి దగ్గరికని భార్య రూతమ్మతో అమెరికా వచ్చినవాడు. వచ్చిన మొదటి చలికాలంలోనే రూతమ్మ పోయింది. ఆయన ఊరికే కూర్చోలేక టమాటాలు డబ్బాల్లో నింపే క్యానరీలో గేటు దగ్గర పనికి కుదిరాడు. రేపల్లె చర్చిలో ఎవరో పెద్దలు తమవారి జ్ఞాపకార్థం ఇచ్చిన వెండిగిన్నె ఉండేది. ప్రభు భోజనం నాడు అందరూ దాంట్లోనే ద్రాక్షరసం పుచ్చుకునేవాళ్లు. ఇక్కడి తెలుగు సంఘానికి రూతమ్మ పేరిట అలాంటి గిన్నె చేయించాలని ఆయన కోరిక. అందుకని నెలకి రెండుసార్లు, జీతం అందినప్పుడల్లా బ్యాంకుకి వెళ్లి ఒక పెద్ద డాలర్ బిళ్ళ అడిగి తెచ్చుకునేవాడు. అలా ఆరేళ్లు. డబ్బాలో నూట నలభై ఒకటి ఉన్నాయి.

అవి ఎలాంటి బిళ్ళలో దేవకుమారికి బాగా తెలుసు. డెబ్బై ఒకటి నుంచి టంకశాల వేసిన ఆ పెద్ద డాలర్లలో బ్యాంకుల్లో దొరికేవాటికి లోపల రాగి, పైన రాగీ నికెల్ కలిపిన రేకు. సేకరించేవాళ్ల కోసం మాత్రం నూటికి నలభై పాళ్ల వెండితో వేరే వేసి, నీలం కవర్లో పెట్టి మూడు డాలర్లకి అమ్మేవాళ్లు. రూపు ఒకటే. బరువులోనే రెండు గ్రాముల తేడా.

"బ్యాంకులో ఆవిడ సిల్వర్ డాలర్ అనే ఇచ్చేదమ్మా" అన్నాడు మాస్టారు. "ఆ నీలం కవర్ల సంగతి నాకూ చెప్పారు. డాలర్ బిళ్ళని మూడు డాలర్లకి అమ్మేవాడు దొంగ కాక మరేమిటి అనుకున్నాను."

"హెడ్మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది మాస్టారూ" అంది దేవకుమారి నవ్వి.

ఆమె భోజనాల బల్ల మీద త్రాసు పెట్టింది. ఒక పళ్లెంలో తన దగ్గరున్న నీలం కవరు వెండి డాలర్ వేసింది. రెండోదాంట్లో మాస్టారి బిళ్ళ ఒకటి వేసింది. మాస్టారి పళ్లెం పైకి లేచింది. ఆమె బిళ్ళ తీసి, అంచున రాగి ఎర్రగీత చూసి, సంవత్సరం చదివి, గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది. ఇంకోటి వేసింది. మళ్లీ పైకే లేచింది.

సుందర్ రాజ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఇరవై అయ్యేసరికి ఆపుతుందనుకున్నాడు. ఆపలేదు. ప్రతి బిళ్ళకీ మాస్టారు కాస్త ముందుకి వంగి, పళ్లెం లేవగానే వెనక్కి జరుగుతున్నాడు.

"ఇంకా ఎన్నమ్మా?"

"సగం అయ్యాయి మాస్టారూ. కాళ్లు చాపుకోండి."

"కుమారీ, ఇంక చాలేమో" అన్నాడు సుందర్ రాజ్. ఆమె ఇంకో బిళ్ళ వేసింది.

తొంభై మూడోది వేసినప్పుడు పళ్లేలు రెండూ సమానంగా నిలిచాయి. ఎవరో కవరు చింపి ఖర్చుపెట్టేసిన వెండి డాలర్ అది. ఆ తర్వాత చివర్లో ఇంకొకటి. అంతే. మూడు గంటలు పట్టింది.

"రెండున్నాయి మాస్టారూ. మిగతావాటిలో వెండి లేదు. వాటితో గిన్నె కాదు" అంది.

మాస్టారు ఆ రెంటినీ చొక్కా జేబులో వేసుకుని, మిగతావి డబ్బాలో సర్దుకుని, "మంచిదమ్మా" అన్నాడు. సుందర్ రాజ్ ఆయన్ని కారులో దింపి వచ్చాడు. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆరాధనకి రాలేదు.

ఇంటికి తిరిగొచ్చిన సుందర్ రాజ్ కోపం ఆపుకోలేకపోయాడు. "మొదటిది చూడగానే తెలిసింది కదా నీకు. నాలుగు చూసి, మెల్లిగా ఓ మాట చెప్పి పంపించొచ్చుగా. పెద్దాయన మొహాన నూట నలభై సార్లు కొట్టినట్టు కొట్టావు."

"అన్నీ చూడమన్నారు, చూశానండీ."

"అడిగితే మాత్రం? చూడ్డానికి నాకే ప్రాణం ఉసూరుమంది."

ఆమె త్రాసు పళ్లేలు తుడిచి పెట్టెలో పెట్టేసింది.

ఈస్టర్‌కి మాస్టారు ఒక స్టీలు గిన్నె కొని, దాని మీద రూతమ్మ పేరు చెక్కించి సంఘానికిచ్చాడు. ద్రాక్షరసం అందులోనే పుచ్చుకున్నారు. ఎవరూ వెండి సంగతి ఎత్తలేదు. కానీ సుందర్ రాజ్ మనసులో ఆ మధ్యాహ్నం ఉండిపోయింది. చర్చి విందుల్లో ఎవరైనా దేవకుమారి పనితనాన్ని మెచ్చుకుంటే, "మా ఆవిడ జాలిని కూడా త్రాసులో వేసి గాని ఇవ్వదండీ" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. దేవకుమారీ నవ్వేది. ఏడేళ్లలో ఆ మాట ఎన్నిసార్లన్నాడో అతనికే తెలియదు.

దేవకుమారి భూస్థాపన అయిన పదో రోజున దైవాశీర్వాదం మాస్టారు కర్ర పట్టుకుని మనవరాలి కారులో వచ్చాడు. ఎనభై దాటాయి. ప్రార్థన చేసి కూర్చున్నాడు.

"ఆ రోజు మా కుమారి మిమ్మల్ని చాలా కష్టపెట్టింది మాస్టారూ. ఆమె తరఫున నన్ను క్షమించండి" అన్నాడు సుందర్ రాజ్.

"ఏ రోజయ్యా?"

"మీ డాలర్లు తూచిన రోజు."

మాస్టారు అతని వంక అదోలా చూశాడు. "నీకు చెప్పనే లేదన్నమాట" అన్నాడు.

ఆ ఆదివారానికి రెండు రోజుల ముందే ఆయన ఓక్లాండ్‌లో ఇంకో షాపుకి వెళ్లాడట. అక్కడివాడు పై బిళ్ళ ఒక్కదాని అంచు చూసి, వెండి లేదని చెప్పి, డబ్బా మూతపెట్టి ఇవతలికి తోసేశాడట.

"నువ్వు కారు పెట్టొచ్చే లోపలే అమ్మాయికి ఆ సంగతి చెప్పాను. వెండి లేదని తెలుసమ్మా, కానీ ఆరేళ్లు రూతమ్మ పేరు చెప్పుకుని తెచ్చుకున్నవి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడు, నాకదే చాలు అన్నాను. హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి, వెండి లేదని తెలిసి కూడా ఇలా అడుగుతున్నానంటే నామోషీగా ఉంది, మీ ఆయనతో అనొద్దని కూడా అడిగాను. అననంది."