ఊరిగాంలో ఎక్కిన రెండు వందల పన్నెండు మంది

పోయినవాటి లెక్క ముందు చెప్పేస్తాను. పద్నాలుగు సిమెంటు బెంచీలు, రెండు కొళాయిలు, ఇరవై మూడు చెట్లు (పదకొండు తురాయిలు, తొమ్మిది కానుగలు, మూడు సంపెంగలు), ఒక ఇనుప గేటు, పిల్లలు జారే బల్ల ఒకటి, ఉదయం ఆరుకు ఐదు నిమిషాలు ఉందనగా వచ్చే రైలు ఒకటి, ఆ రైలెక్కే రెండు వందల పన్నెండు మంది. ఇవన్నీ ఊరిగాం స్టేషను పక్కన ఉండిన చిన్న పార్కువి. పోయిన వారం బంగారుపేటలో రైలు దిగి, బస్సుకు ఇంకా వేళ ఉందని స్టేషను ఎదుటి పార్కులో కూర్చున్నప్పుడు, అలవాటు కొద్దీ అక్కడి బెంచీలు లెక్కపెట్టాను. పదహారు. మా పార్కుకన్నా రెండెక్కువ అని తేలేసరికి, మానిపోయిందనుకున్న పుండును ఎవరో వేలితో నొక్కినట్టయింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, కోలారు బంగారు గనుల కంపెనీ కాలంలో కె.జి.ఎఫ్. క్వార్టర్సులో పుట్టినవాళ్లకు నీళ్లకూ కరెంటుకూ డబ్బు కట్టాలన్న సంగతే తెలియదు. కొళాయి తిప్పితే నీళ్లు, స్విచ్చి నొక్కితే దీపం, సెలవునాడు పిల్లలతో కూర్చోవడానికి పార్కు, అన్నీ కంపెనీవే కాబట్టి అన్నీ మావే. బంగారుపేట నుంచి మా ఊళ్లకు వచ్చే బ్రాంచి లైను కూడా అలాగే మా సొత్తని అనుకునేవాళ్లం. ఆ పట్టాలమీద బంగారం పోయింది, మా తాతలు వచ్చినదీ వాటిమీదే, ఇంక దానికి టికెట్టేమిటి అన్న ధీమా మా పెద్దవాళ్లలో ఉండేది. అది వాళ్లతో పోలేదు, మాకూ అంటుకుంది.

బంగారుపేటకు జంక్షను ఉండేది కాని నీడ ఉండేది కాదు. అక్కడివాళ్లు ఆదివారం సాయంత్రాలు పిల్లలను వెంటబెట్టుకొని రైలెక్కి మా పార్కుకు వచ్చేవారు. పెళ్లిచూపుల మాట ఎత్తకముందే మా అమ్మ నా భార్యను దూరంనుంచి చూసి తల ఊపింది ఆ పార్కులోనే, గేటునుంచి ఆరో బెంచీమీద. వాళ్లది బంగారుపేట. ఆ రోజు జారుడుబల్లమీద ప్యాంటు చింపుకొన్న ఆమె తమ్ముడు తరువాత నాకు బావమరిది అయినాడు. బంగారుపేటవాళ్లూ మేమూ ఎదురుపడితే మాటలు ఊరికే ఉండేవి కావు. "ఏమప్పా గుంతలోళ్లు, ఇంగా ఏమన్నా మిగిలుండాదా కింద?" అని వాళ్లు, "పేరులో మాత్రం బంగారం, మీ ఊళ్లో దిగేది రైలు మారేదానికే గదప్పా" అని మేము.

గనులు మూతబడినాక ఎకసెక్కాలలో నవ్వు తగ్గి పదును పెరిగింది. మా అన్న అప్పటికి ఇరవై రెండేళ్లు గని లోపల పనిచేసి, చేతికి వచ్చిన కొద్ది డబ్బుతోను, ఊపిరితిత్తులలో నిండిన రాతిదుమ్ముతోను ఇంటికి వచ్చాడు. మా వదిన బంగారుపేట దాటాక వచ్చే మాలూరులో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి చేరింది. నేనూ మాలూరులోనే ఒక ఇటుకల బట్టీలో లారీలకెత్తే ఇటుకలు లెక్కరాసే పనికి చేరాను. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగినా, అంకెలు నాకు చిన్నప్పటినుంచీ తోడు. ఇటుకల వరుసను ఒక్క చూపు చూసి ఎన్ని వేలో చెప్పగలిగేవాణ్ణి, తప్పితే పదో పన్నెండో తప్పేది.

మాలాగే రోజూ ఊరిగాంలో రైలెక్కేవాళ్లు రెండు వందలకు పైగా ఉండేవారు. కంపెనీ పోగానే పార్కు కొళాయిలకు నీళ్లు రావడం ఆగిపోయింది, మొదటి వేసవికే తురాయిలు వాడుముఖం పట్టాయి. అప్పుడు ఎవరు మొదలుపెట్టారో గాని, రైలుకు వచ్చేవాళ్లం తలా ఒక సీసా నీళ్లు తెచ్చి చెట్లకు పోయడం మొదలైంది. ఆ పనిని ఒక పద్ధతిలో పెట్టింది మాత్రం నేనే. చెట్లకు సున్నంతో నంబర్లు వేసి, చెట్టుకు తొమ్మిది మంది చొప్పున పంచి, మిగిలిన ఐదుగురికి సంపెంగలను అదనంగా చూడమని చెప్పాను. మా వదినది పద్దెనిమిదో నంబరు కానుగ. పొద్దున్నే సీసాలతో నడిచి వచ్చే ఆ జనాన్ని చూస్తే, కంపెనీ లేకపోయినా ఊరు ఊరుగానే ఉందనిపించేది.

ఆ రోజులలోనే నేను చేయకూడని లెక్క ఒకటి చేశాను. రైలు రావడం ఆలస్యమైన రోజుల్లో స్టేషను గోడమీది చార్జీల పట్టికను చదువుతూ నిలబడేవాణ్ణి. సీజన్ టికెట్టు ధర కిలోమీటరు కిలోమీటరుకూ పెరగదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఊరిగాం నుంచి మాలూరుకు కొనడం కన్నా బంగారుపేట నుంచి మాలూరుకు కొంటే మెట్లు తగ్గుతాయి. బ్రాంచి లైనులో మమ్మల్ని టికెట్టు అడిగినవాడు మా ఎరుకలో లేడు. ఇంకేం, ఏడాదికి ఎవరికి ఎంత మిగులుతుందో పాత క్యాలెండరు కాగితాల వెనక రాసి బెంచీ బెంచీకీ తిరిగి పంచాను. పని పోయిన ఇళ్లు కదా, నాలుగు నెలలు తిరిగేసరికి దాదాపు అందరూ టికెట్లు బంగారుపేట నుంచే తీసుకోసాగారు. "లెక్కల మేష్టరు" అని నన్ను పిలవడం అప్పుడే మొదలైంది. నాకూ అది బాగానే ఉండింది.

మా వదిన మాత్రం వినలేదు. "నేనెక్కేది ఊరిగాంలో గదప్పా. బంగారుపేటలో ఎక్కినానని రాయించుకుంటే ఆ టికెట్టు నాదెట్లయితాది?" అనింది. అన్న మందులకు రెండు నెలలకు సరిపడే డబ్బు ఏడాదికి ఊరికే పోతోందని కాగితంమీద చూపించాను. ఆమె కాగితం చూసి, మడిచి, నా చేతికే ఇచ్చేసి, మరుసటి నెల కూడా ఊరిగాం టికెట్టే కొన్నది. వదిన మంచిది గాని లెక్క తెలియని మనిషి అని నా భార్యతో అన్నాను కూడా.

రైలు మా వైపునుంచి బయలుదేరేది గనుక బంగారుపేట చేరేసరికి సీట్లన్నీ మావాళ్లతో నిండి ఉండేవి. మనుషులు లేని సీట్లలో కూడా తువ్వాళ్లు కూర్చునేవి. బంగారుపేటలో ఎక్కేవాళ్లు మాలూరు దాకా నిలబడి రావాలి. రోజూ గొడవలే. చివరికి బంగారుపేటవాళ్లు, బ్రాంచి లైనులో ఆ రైలు రాబడి లేక వట్టిగా తిరుగుతోందనీ, దాన్ని తమ ఊరినుంచే బయలుదేరదీయాలనీ అర్జీ పెట్టారు. సంతకాలు చేయించినవాడు మా బావమరిదే. ఒక ఆదివారం ఉదయం బంగారుపేటలో ఒక కల్యాణ మంటపంలో రెండు ఊళ్లవాళ్లనూ కూర్చోబెట్టి వినడానికి ఒక అధికారి వచ్చాడు. మా తరపున మాట్లాడడానికి నన్ను పంపారు. వెనక వరుసలో మా వదిన కూడా వచ్చి కూర్చుంది.

ఆమె ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. అన్నకు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, తెల్లవారుజామున మరీ కష్టం. వదిన ఆయన్ను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టి, వీపు రాసి, రాగిగంజి చెంచా చెంచాగా తాగించేది. రెండు చెంచాలకొకసారి ఆయన ఆయాసం తీర్చుకోవాలి, అందుకని ఆ పనికి దాదాపు గంట పట్టేది. రైలు ఊరిగాంలో ఉంటే ఆమె ఐదుంముక్కాలుకు ఇల్లు కదిలితే చాలు. బంగారుపేటకు పోతే, మొదటి బస్సు పట్టుకోవడానికి ఐదుకు పది నిమిషాల ముందే కదలాలి. ఆ గంజి తాగించే వేళ పోతుంది. ఇంట్లో వచ్చేది ఆమె జీతం ఒక్కటే కనుక ఉద్యోగం మానడానికి లేదు.

నేను లేచి, ముప్ఫై రోజులు నిలబడి రాసుకున్న లెక్క చదివాను. ఊరిగాంలో రోజుకు సగటున ఎక్కేవారు రెండు వందల పన్నెండు మంది. అధికారి మర్యాదగా విని, తన దగ్గరున్న కాగితం తిప్పి, ఊరిగాం నుంచి తీసుకున్న సీజన్ టికెట్లు పంతొమ్మిది అన్నాడు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఆ మంటపంలో నాకన్నా బాగా తెలిసినవాడు లేడు.

బావమరిది లేచాడు. "బావా, నీ లెక్క తప్పదని మా ఊరంతా ఒప్పుకుంటాది. రెండునూర్ల పన్నెండు మంది ఎక్కితే, తక్కిన నూటతొంభై ముగ్గురి టికెట్లు యాడ? కొంగల మాదిరి ఎగురుకోని వచ్చి కూచున్నారా?"

మంటపం నవ్వింది. నేను అప్పుడే, వాళ్ల టికెట్లు మీ ఊరి లెక్కలో ఉన్నాయి, అలా కొనమని నేర్పింది నేను, తప్పు నాది, ఊరిది కాదు అని చెప్పి ఉండవచ్చు. జరిమానాలు పడితే పడేవి, రైలు నిలిచేదేమో. నేను నోట్‌బుక్కు తిరగేస్తూ నిలబడ్డాను. ఆ పేజీలలో వెతకడానికేమీ లేదు.

అప్పుడు మా వదిన వెనకనుంచి నడిచి ముందుకు వచ్చింది. "నాది ఉండాది సారూ, చూడండి. ఊరిగాం అనే రాసుండాది" అని టికెట్టు ఆయన ముందు పెట్టింది. ఆయన చూసి, "మంచిదమ్మా" అని తిరిగి ఇచ్చాడు. వెనకనుంచి ఎవరో, "ఒక్క టికెట్టుకు ఒక రైలా అక్కా?" అన్నారు. మళ్లీ నవ్వులు. ఆమె నా వైపు చూసింది, మిగతాది నేను చెబుతానన్నట్టు. నేను ఇంకొక పేజీ తిప్పాను.

రెండు నెలలలో రైలు బంగారుపేట నుంచి బయలుదేరసాగింది. సాయంత్రం బండి ఎప్పటిలాగే మా దాకా వచ్చేది, పొద్దుటిదే పోయింది. సీసాలతో వచ్చే జనం లేకపోయేసరికి మొదట సంపెంగలు, తరువాత తురాయిలు, చివరికి కానుగలు ఎండిపోయాయి. గేటూ జారుడుబల్లా పాత ఇనుము కింద ఎవరో అమ్ముకున్నారు. బంగారుపేటలోనేమో, తెల్లవారకముందే బస్సులు దిగి స్టేషను ముందు నిలబడే మావాళ్లను చూసి టీ అంగళ్లు వచ్చాయి, ఇంతమంది నిలబడుతున్నారు కదా అని తరువాత పార్కు వచ్చింది. "మీవాళ్లు నిలబడినందుకే వచ్చింది బావా ఇది" అని బావమరిది ఒకసారి అన్నాడు. అందులో ఎకసెక్కం లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

వదిన గంజిని ఫ్లాస్కులో పోసి అన్న పక్కన పెట్టి పోయేది. నా భార్య వెళ్లి తాగిస్తానంటే ఆయన, "ఆమె వచ్చినంక తాగుతాలేమ్మా" అనేవాడు. చాలా సాయంత్రాలు ఫ్లాస్కు నిండుగానే ఉండేది.

అన్న పోయిన ఏడాదికి, ఆ రోజు మంటపంలో నిజం దాచుకున్నానని ధైర్యం చేసి వదినకు చెప్పాను. ఆమె చేటలో అవరెకాయలు ఒలుస్తోంది. "నాకు ఆ పొద్దే తెలుసప్పా, నువ్వు పుస్తకం తిరగేస్తా ఉన్నప్పుడే" అనింది. నేను ఏదైనా చేస్తానన్నాను. "డబ్బులయితే నువ్వు ఇచ్చేసే మనిషివే. పొద్దున్నే ఆయప్ప పక్కన కూచునే పొద్దు యాడ తెస్తావు?" అని, ఒలిచిన గింజలు గిన్నెలో వేసుకొని లోపలికి పోయింది.

తరువాత కొన్నేళ్లకు పొద్దుటి రైలు మళ్లీ మా వైపునుంచే రాసాగింది. ఇప్పటి పిల్లలు టికెట్టు ఫోనులోనే కొంటారు, ఎక్కే స్టేషను పేరుతోనే కొంటారు. సీటుకోసం కొట్లాడుకున్న రెండు ఊళ్లూ ఇప్పుడు బెంగళూరుకు పోయి అలసి వచ్చినవాళ్లు పడుకునే ఊళ్లు. ఎవరిది గొప్ప అని అడిగే ఓపిక ఎవరికీ లేదు. మా ఈడువాళ్లం పోతే, ఊరిగాంలో ఒకప్పుడు చెట్లకు నంబర్లుండేవని చెప్పేవాళ్లు కూడా ఉండరు. నాకు మాత్రం ఒక లెక్క తెగలేదు. రైలు పోయాక అన్న నాలుగేళ్లు బతికాడు. వదిన నెలకు ఇరవై ఆరు రోజులు పనికి పోయేది, రోజుకు యాభై ఐదు నిమిషాలు ముందుగా ఇల్లు కదిలేది. ఎన్నిసార్లు వేసినా అంతే వస్తుంది. నేను ఆమెకు బాకీ ఉన్నది నలభై ఏడు రోజుల పదహారు గంటలు.