అక్క కారు, నా చివరి ఫోమ్ ప్యాడ్

మనిషికి పని తగ్గి వీడియోలు ఎక్కువైతే ఏమవుతుందో చూడాలంటే, ఆ లాక్‌డౌన్ రోజుల్లో మీరు టాలట్ అనే పరదేశపు ఊళ్లోని మా అద్దె ఇంటికి రావలసింది. (రానిచ్చేవారు కాదనుకోండి, అయిదు కిలోమీటర్లు దాటితే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఆపేవారు.) తోటి కుర్రాళ్లందరూ రొట్టెలు కాల్చడం నేర్చుకుంటుంటే, నేను కార్లకు పాలిష్ పట్టడం నేర్చుకోవాలని ఒక పాలిష్ మిషన్, దానికి తగిలించే రెండు ఫోమ్ ప్యాడ్‌లు తెప్పించుకున్నాను. నాకు కారు లేదు. ఆ వయసులో అది పెద్ద లోటుగా తోచలేదు.

పక్కింట్లో గుంటూరు అక్క ఉండేది. ఆసుపత్రిలో నర్సు. వాకిట్లోని కంచెపొద గీరి గీరి ఆమె నల్ల కారంతా సన్నగీతలు పడ్డాయి. ఆమెకు రెండు రోజులు సెలవని తెలిసి, "కారు నాకొదిలేసి మీరు పడుకోండక్కా, గురువారానికి అద్దంలా చేసిస్తాను" అన్నాను. "చేస్తావా అబ్బాయ్? గురువారం పొద్దున డ్యూటీకి మాత్రం బండి ఉండాల. బస్సులో ఎక్కి ఎవరికన్నా అంటిస్తానేమోనని భయంగా ఉంటది" అంటూ కిటికీలోంచి తాళాలు విసిరింది.

బానెట్ సగం వరకు బ్రహ్మాండంగా వచ్చింది. ఆపైన ప్యాడ్‌లోకి ఇంకిన పాలిష్ ఎండి అట్టకట్టి, మెరుపు పోయి తెల్లటి మసక మొదలైంది. రెండో ప్యాడ్ వేశాను, కాసేపటికి అదీ అంతే. కారు సగం అద్దం, సగం పాలపొంగు. షాపులన్నీ మూసేశారు, ఆర్డరిస్తే వారం పడుతుంది. సరే, ఉతికితే పోలేదా అని ఒక ప్యాడ్‌ను వాషింగ్ మెషీన్‌లో వేసి వేడినీళ్లు పెట్టాను. బయటికొచ్చేసరికి ఫోమ్ ఒకటి, వెనకాల అతికించిన బట్ట ఒకటి. నాతో ఉండే వరంగల్ దోస్తు వచ్చి చూసి, "ఏందిరా, బట్టలల్ల బన్ను ఏసినవా?" అన్నాడు.

ఇంక ఒక్కటే మిగిలింది. నవ్వు రాలేదు, పట్టుదల వచ్చింది. దీన్ని మాత్రం పసిబిడ్డకు స్నానం చేయించినట్టు చేయించాను. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు వేసి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, పిండకుండా అరచేత్తో నొక్కుతూ నురగ పోయేదాకా కడిగాను. మరి ఆరేదెలా? బయట వాన. మిషన్‌కు తగిలించి తిప్పితే నీళ్లు పోతాయని వీడియోలో చెప్పాడు. అది బకెట్ లోపల పెట్టి తిప్పాలన్న ముక్క నా చెవిన పడలేదు. మా దోస్తు వంటింటి బల్ల దగ్గరే మేనేజర్‌తో వీడియో మీటింగులో ఉన్నాడు. మిషన్ నొక్కగానే గోడలకు, ప్రెస్ అనే అల్మారాల తలుపులకు, వాడి తెల్ల చొక్కాకు బూడిదరంగు చుక్కలు పడ్డాయి. "ఆర్ యూ గ్రాండ్?" అంది లాప్‌టాప్‌లోని గొంతు, బాగానే ఉన్నావా అని. "గ్రాండ్, గ్రాండ్" అని మొహం తుడుచుకుని, మైకు ఆపి, నా వైపు తిరిగి, "నీ ప్యాడు పాడుగాను! గోడలు నువ్వే కడుగు" అన్నాడు.

గోడలు కడిగాను. తర్వాత బకెట్‌లో పెట్టి మళ్లీ తిప్పి, ఫోమ్ కిందికి, బట్ట పైకి ఉండేలా తువ్వాలు మీద ఆరబెట్టాను. బుధవారం వాన తెరిపిచ్చింది. ఈసారి తలుపు తలుపుకూ ఆగి, బ్రష్‌తో ప్యాడ్ దులిపి గాని ముందుకు కదల్లేదు. చేతులు తిమ్మిరెక్కాయి గాని చీకటి పడేలోగా కారంతా ఒకే నలుపుతో నిగనిగలాడింది.

గురువారం పొద్దున అక్క, ఆమె కూతురు బయటికొచ్చారు. "మామ్, ఇట్స్ ప్యూర్ క్లాస్!" అంది పిల్ల, అదిరిపోయిందన్నట్టు. అక్క వంగి బానెట్‌లో తన మొహం చూసుకుంది. బుగ్గల మీద మాస్కు ఒరుసుకున్న గుర్తులు తడుముకుని, "ఇట్టా అయిపోయానా నేను!" అని పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, జుట్టు సర్దుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. వీధి మలుపు తిరిగేలోపే మళ్లీ వాన మొదలైంది. నేను మాత్రం తడుస్తూ ఆ వైపే చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు నాకు సొంత కారుంది. దాని మీద ఎంత దుమ్ము పేరుకుందంటే, మా ఆవిడ వెనకద్దం మీద వేలితో 'నన్ను కడగండి' అని రాసింది. అది చదివినప్పుడల్లా, సొంత కారు లేని ఆ కుర్రాడు గుర్తొచ్చి, వాడు ఈ పక్కకెప్పుడైనా వస్తే బాగుండునని నవ్వుకుంటాను.