మేనేజర్ కింద మా అత్తమ్మ కొలువు

మా అత్తమ్మ పోచమ్మ ఒకచోట కూర్చుని అన్నం తినడం నేను ఈ ఇంటికి వచ్చాక చూడలేదు. పళ్ళెం చేత పట్టుకుని కొట్టం గుమ్మం దాకా పోతుంది. ఒక ముద్ద తింటుంది. బర్రె తోకకు పేడ కనబడితే పళ్ళెం గోడ మీద పెట్టి నీళ్ళ పైపు అందుకుంటుంది. మళ్ళీ గుర్తొచ్చేసరికి పళ్ళెం మీద కాకి ఉంటుంది. "తిన్నట్టే తియ్" అంటుంది కాకిని చూసి. నేను రెండోసారి వడ్డిస్తే అది కూడా నిలబడే తింటుంది.

గోపన్‌పల్లిలో మా కొట్టం రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఖాళీ జాగాలో ఉంది. జాగా మాది కాదు. కడప వైపు వాళ్ళెవరో కొని పెట్టుకున్నారు, కట్టడం మొదలుపెట్టేదాకా ఉండమన్నారు. రెండు వైపులా బాల్కనీలు, ఆరేసిన బట్టలు, చెవుల్లో తీగలు పెట్టుకుని గాలితో మాట్లాడే మనుషులు. కింద మా బర్రెలు. వాటికి కొంచెం ఎడంగా, ఇనుప గుంజకు కట్టి, మేనేజర్.

మేనేజర్ మా దున్నపోతు. పాలమ్మే ఇళ్ళలో దున్నదూడను ఎవరూ ఉంచుకోరు, తాగే పాలు దండగ అంటారు. అత్తమ్మ మాత్రం అది పుట్టిన రోజే తడి నుదురు మీద చేయి పెట్టి "ఇది సదర్‌కు పోతది" అందట. దీపావళి అయ్యాక మా యాదవులు దున్నపోతులను ముస్తాబు చేసి డప్పులతో ఊరేగించే పండుగ సదర్. మాకు దగ్గరలో నార్సింగిలో చేస్తారు. ఎవరి దున్న ఎంత నిగనిగలాడింది, జనంలో ఎంత నిబ్బరంగా నిలబడింది, ముందుకాళ్ళు ఎత్తి సలాం కొట్టిందా లేదా అని ఏడాదంతా చెప్పుకుంటారు. మా మామ ఉన్నన్నాళ్ళు ఏటా మా ఇంటి తాడు వెళ్ళేది. అంటే ఇంటి మగవాడే ముక్కుతాడు పట్టి దున్నను స్టేజీ దాకా నడిపించేవాడన్న మాట. మామ జ్వరంతో పోయాక మా తాడు ఆగిపోయింది.

మేనేజర్ అని పేరు పెట్టింది మా ఆయన లోహిత్. "ఆలస్యంగ లేస్తది, మంచిగ తింటది, ఏం జెయ్యదు, మనం పని చేస్తుంటే గుడ్లు మిటకరించి చూస్తది. మా మేనేజరే" అన్నాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో కంప్యూటర్లు మొరాయిస్తే సరిచేయడం ఆయన పని. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. కొట్టంలోకి వస్తే ఆయన చేయి తనకు తెలియకుండానే పక్కటెముకల మీదికి పోతుంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న దున్న ఒకటి ఆయన్ను గోడకేసి అదిమిందట. మేనేజర్‌కు కూడా ఆయన పొడ గిట్టదు. దగ్గరికి వస్తే ముక్కు ఎగరేసి బుసకొడుతుంది.

మామ తమ్ముడు ఐలయ్య చిన్నమామ నార్సింగిలో ఉంటాడు. వినాయక చవితి రోజుల్లో ఒకసారి వచ్చి, దున్న చుట్టూ తిరిగి చూసి, సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు.

"వదినా, దున్న మంచిగ తయారైంది. తాడు పట్టేదెవరు మరి?"

"లోహిత్ పడతడు."

"ఆడా? ఆడు మౌస్ పట్టుకునేటోడు వదినా. జర ఆలోచన చెయ్. నాకియ్యి. నా కొట్టంల ఉంటది, నా పేరు మీద పోతది. అన్న పేరు కూడ చెప్పిస్త మైకుల."

అత్తమ్మ గడ్డి విదిలిస్తూ ఉంది. విదిలించడం ఆపలేదు.

"మౌస్ పట్టిండంటే చెయ్యి ఉన్నట్టే గద. ఈ కొట్టం నుంచి స్టేజీ దాంక ఇంకొకరి చెయ్యి తాడు మీద పడకుంట తీస్కపోతడు. పడ్డదా, దున్న నీ కొట్టానికే తోలుకపో."

చిన్నమామ నవ్వు ఆపి ఆమె ముఖం చూశాడు. "మాటనా?"

"మాటనే."

ఆయన బండి సందు మలుపు తిరిగేదాకా ఆమె అలాగే గడ్డి విదిలించింది. తర్వాత నా వైపు తిరిగి, "ఎక్కువ మాట్లాడిన్నా?" అని అడిగింది. నేను బిందె ఎత్తుకున్నాను.

మర్నాడు బట్టలు నానబెడుతుంటే వచ్చింది.

"శిరీషా, వాడు విడిచిన అంగి ఏది?"

"బకెట్ల ఏసిన అత్తమ్మా."

"ఇంకోటి లేదా? నీళ్ళు తగలనిది."

రాత్రి విడిచిన ఇంకో చొక్కా తలుపు వెనక ఉంది. లేత నీలం రంగు, జేబు మీద కంపెనీ పేరు. తెచ్చి ఇచ్చాను. వాసన చూసింది, తృప్తిగా తలాడించింది, చీర మీదే తొడుక్కుని చొక్కా చేతులు పైకి మడుచుకుంది.

"మనిషిని దున్న మొకం జూసి గుర్తువట్టదే పిల్లా. వాసనతోని గుర్తువడతది. పొద్దుమాపు వీని వాసన పక్కన్నే ఉంటే, ఇగ వీడు మనోడే అనుకుంటది."

అప్పటి నుంచి మేనేజర్ పనులన్నీ ఆ చొక్కాలోనే. పల్లీ చెక్క నానబెట్టి పెట్టడం, కుడితి పోయడం, ఒళ్ళంతా నూనె పట్టించడం, తాడు పట్టి నడిపించడం. నడక కూడా కొడుకులాగా ఒక భుజం వంచి నడిచేది. డప్పుల మోతకు బెదరకూడదని ఫోన్‌లో తీన్‌మార్ దరువు పెట్టి ఆ ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకునేది. దున్న నిలబడాలంటే తాడు గుంజకుండా "హలో, చెప్పండి" అనేది. మా ఆయన ఆఫీసు ఫోను ఎత్తితే అనే మాట అది. "వాని నోటికి అలవాటున్న మాటైతే ఆడ మర్చిపోడు" అని ఆమె లెక్క. ఆ మాటకు ఆగడం మేనేజర్ తొందరగానే నేర్చుకుంది. నాలుక చప్పరిస్తే ముందుకాళ్ళు ఎత్తడం మాత్రం బుద్ధి పుడితేనే.

పక్క అపార్ట్‌మెంట్ జయలక్ష్మి గారు పాలకు వచ్చి ఆ వేషం చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. వాళ్ళది కాకినాడ వైపు.

"ఏంటి పోచమ్మా, నువ్వు కూడా సాఫ్ట్‌వేర్‌లో చేరిపోయావా?"

"చేరిన్నమ్మా. మేనేజర్ కింద పని. పొద్దుమాపు ఆయన పేడ ఎత్తుడే."

"మా ఇంట్లో ఆయనా అదే అంటారు, మేనేజర్ గురించి" అని నవ్వుకుంటూ పాలు పట్టుకుపోయారు.

తెల్లవారకముందే దున్నను రోడ్డు మీదికి తీసుకుపోయేది అత్తమ్మ. నేను వెనక కర్ర పట్టుకుని నడిచేదాన్ని. ఒకసారి ఒక పెద్ద ఆఫీసు అద్దాల ముందు మేనేజర్ తనను తాను చూసుకుని ఆగిపోయింది. అద్దంలో ఇంకో దున్న, పక్కన నీలం చొక్కా. తల వంచి కొమ్ములు సర్దుకుంది. అత్తమ్మ అద్దానికి అడ్డంగా నిలబడి "హలో, చెప్పండి" అంది మెల్లగా. కాపలా మనిషి కుర్చీలోంచి లేచి అటూ ఇటూ చూశాడు, తననే అందేమోనని.

మా ఆయన సెలవు రోజు వచ్చి ప్రయత్నించేవాడు. తాడుకు చేయి చాపగానే బుస. చేయి వెనక్కి, పక్కటెముకల మీదికి. "అలవాటైతది తియ్, ఇంకా దినాలున్నయ్" అని అత్తమ్మ ఆయనకు చెప్పేది. తను మాత్రం కొట్టంలో ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూనే ఉండేది. ఒక గంప ఎత్తి ఎందుకు ఎత్తిందో మరచి మళ్ళీ అక్కడే దించేది.

దసరా వెళ్ళాక ఆ చొక్కాకు గుండీ ఊడితే కుట్టమని నాకిచ్చింది. దారం పళ్ళతో తెంపుతుంటే ముక్కుకు తగిలింది. తవుడు, నూనె, పొయ్యి పొగ, అత్తమ్మ నమిలే వక్క. మా ఆయన వాసన వెతికినా దొరకలేదు.

"అత్తమ్మా, ఆయన విడిచిన అంగి ఇంకోటి ఇయ్యనా? ఇది పాతదైంది" అన్నాను.

"వద్దొద్దు. ఇదే అలవాటైంది దానికి" అని లాక్కుని తొడుక్కుంది.

సదర్ రోజు మధ్యాహ్నం నుంచే మా జాగా నిండా బంధువులు. మేనేజర్‌కు వెంట్రుకలు గొరిగించి, నూనె రుద్ది, కొమ్ములకు రంగు వేసి, మెడలో గవ్వల దండ, నుదుటికి నెమలీకల కట్ట కట్టారు. ఎక్కించుకుపోవడానికి డీసీఎం లారీ వచ్చి నిలబడింది. అత్తమ్మ పట్టుచీర కట్టుకుంది. చొక్కా కొట్టంలో మేకుకు వేలాడుతూ ఉంది. ఐలయ్య చిన్నమామ చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"నేను ముట్టుకోను వదినా. చూస్త అంతే."

మా ఆయన తెల్ల కుర్తా వేసుకుని, సెంటు పూసుకుని వచ్చాడు. మేనేజర్ ఒక్కసారి ముక్కు ఎగరేసి వెనక్కి తగ్గింది. గుంజ కిర్రుమంది. జనం కూడా ఒక అడుగు వెనక్కి వేశారు.

"ముంగటికి పో బిడ్డా. కండ్లల్ల చూడకు. తాడు వదులుగ పట్టు. గట్టిగనే పట్టు కానీ గుంజకు. హలో అను. భయపడకు, భయపడ్డట్టు కనవడకు." అత్తమ్మ ఆయన చుట్టూ తిరుగుతూ అన్నీ ఒకేసారి చెప్తోంది.

"హలో, చెప్పండి" అన్నాడు మా ఆయన. దున్న మళ్ళీ బుసకొట్టింది.

"తాడు పట్టాల్నా మరి?" అన్నాడు చిన్నమామ, చేతులు వెనకే ఉంచుకుని.

అంతమందిలో మాట్లాడటం నా వల్ల కాదు. కొట్టంలోకి పోయి మేకు మీది చొక్కా తెచ్చి మా ఆయనకు అందించాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, కుర్తా మీదే తొడుక్కున్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజర్ మెడ చాచింది. చొక్కా చేతి మడత వాసన చూసింది, తర్వాత కాలరు, తర్వాత చంక కింద. బుస ఆగింది. ఒక పెద్ద ఊపిరి వదిలి తల దించింది. మా ఆయన తాడు విప్పాడు.

పొద్దు వాలేసరికి నార్సింగి రోడ్డు మనుషులతో నిండిపోయింది. డప్పులు, మిరపకాయ బజ్జీల పొగ, నెత్తిన ఎగిరే డ్రోన్ కెమెరా. మేము ఆడవాళ్ళం మూసిన ఒక షాపు మెట్ల మీద నిలబడ్డాం. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుని ఉంది. దూరంగా మేనేజర్ నెమలీకలు కనబడ్డప్పటి నుంచి ఆమె వేళ్ళు నా చేతిని తాడు లాగినట్టు కొంచెం లాగి, కొంచెం వదులుతున్నాయి.

స్టేజీ ఇంకా కొంత దూరం ఉందనగా ఎవరో పటాకుల సరం ముట్టించారు. మేనేజర్ ఆగింది. పక్కకు తిరిగింది. జనం కెవ్వుమని చీలిపోయారు. ఒక మనిషి సాయం చేద్దామని పరుగెత్తి తాడుకు చేయి చాపాడు.

"ముట్టకు అన్నా. నీకు దండం పెడత, ముట్టకు" అన్నాడు మా ఆయన. తాడును పొట్టకు హత్తుకుని, దున్న మెడ పక్కకు జరిగి, చొక్కా చేతిని దాని ముక్కు మీద కప్పాడు. ఆయన రెండు చేతులూ దున్న మీదే ఉన్నాయి. పక్కటెముకల మీదికి పోలేదు. పటాకులు ఆగేదాకా అలాగే నిలబడ్డారు ఇద్దరూ. తర్వాత మేనేజర్ కదిలింది.

"గోపన్‌పల్లి పోచమ్మ కొడుకు లోహిత్ యాదవ్. దున్న పేరు... మేనేజర్ అంట" అన్నారు మైకులో. జనం నవ్వారు. "తమ్ముడు ఆఫీసు అంగి మీదనే వచ్చిండు. షిఫ్ట్ ఇంకా అయిపోనట్టుంది."

స్టేజీ ముందు మా ఆయన నాలుక చప్పరించాడు. మేనేజర్ ముందుకాళ్ళు ఎత్తలేదు. మళ్ళీ చప్పరించాడు. అది నిలబడి జనాన్ని చూసింది, పని చేసేవాళ్ళను చూసినట్టు. దండ వేసి పంపించారు.

డీసీఎం దగ్గర చిన్నమామ ఎదురయ్యాడు. "సలాం అయితే కొట్టలే వదినా."

"సలాం ముచ్చట మనం మాట్లాడుకోలే. తాడు ముచ్చటనే మాట్లాడుకున్నం."

"నిజమే. మాట మాటనే. దున్న నీదే" అన్నాడు.

మా ఆయన చొక్కా విప్పి వాళ్ళ అమ్మ చేతికిచ్చాడు. ముఖమంతా చెమట, సంతోషం. "అమ్మా, నా వాసన అన్నవు గద. దీంట్ల నాది ఏడుంది? మొత్తం నీదే. దారి పొడుగూత నువ్వు పక్కన్నే ఉన్నట్టుండె."

అత్తమ్మ చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుంది. తన వాసన తనకు తెలియలేదేమో, మళ్ళీ చూసింది.

"అంటే తాడు పట్టింది నువ్వేనన్నట్టు వదినా" అన్నాడు చిన్నమామ. ఎగతాళిగా అనలేదు. "మంచిదే. మరి వచ్చే ఏడు అంగి చినిగితే ఏం జేస్తవ్?"

ఆమె చొక్కా మడిచి చంకన పెట్టుకుంది. డీసీఎంలో కూర్చోమని చోటు ఇచ్చినా కూర్చోలేదు, కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది.

పొద్దున నేను లేచేసరికి చొక్కా సబ్బు నీళ్ళలో ఉంది. అత్తమ్మ దాన్ని రాయి మీద వేసి బాదుతోంది. నీళ్ళు నల్లగా పారుతున్నాయి. మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి ఆగాడు.

"అయ్యో, ఎందుకు ఉతికినవమ్మా?"

"నీ అంగి నీకియ్యాలె గద. ఆఫీసుకేసుకో." చేతులు చీరకు తుడుచుకుని కుడితి బకెట్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇగ నుంచి ఇది నువ్వే పొయ్యాలె. రాత్రి డ్యూటీ అయినా సరే, వచ్చినంక పోసి పండుకో."

"అది నన్ను రానియ్యదు."

"రానియ్యకుంటే ఆడనే నిలవడు. ఆకలైతే అదే వస్తది."

ఆయన బకెట్ ఎత్తుకుని, రెండో చేయి పక్కటెముకల మీద పెట్టుకుని లోపలికి పోయాడు. మేనేజర్ బుస వినబడింది. అత్తమ్మ గుమ్మం దాకా పోయి ఆగింది. లోపలికి పోలేదు. నా దగ్గరికి వచ్చింది, చొక్కా పిండింది, పిండినదాన్నే మళ్ళీ పిండింది. గుమ్మం దాకా పోయింది. మళ్ళీ బుస. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"ఏం జేస్తున్నరే లోపల?" అంది నాతో, గొంతు తగ్గించి.

నేను గోడ సందులోంచి చూశాను. బకెట్ ఆయన కాళ్ళ దగ్గర ఉంది. దున్న తాడు చివరి దాకా వచ్చి నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"నిలవడ్డరు అత్తమ్మా."

"ఇద్దరా?"

"ఇద్దరు."

ఆమె చుట్టూ చూసింది, చీపురు అందుకుని, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్వడం మొదలుపెట్టింది.