తాటిచెట్ల దగ్గర ఎవరున్నారు

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను తెనాలిలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఇల్లేమో రేపల్లెలో. రోజూ పొద్దున ప్యాసింజర్‌లో వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని. ఆ ప్రయాణంలో చరిత్రో, ఎవరిదో ఒకరి జీవితమో చదువుకుంటూ కూర్చునేదాన్ని. నవలలంటే నాకు చిన్నచూపు. జరగనిదాన్ని చదివి ఏడవడం దేనికని కనపడినవాళ్ళందరితో వాదన పెట్టుకునేదాన్ని. గొప్పవాళ్ళ జీవితాలు చదివితే ఆ గొప్పతనం మనకూ కాస్త అంటుతుందని క్లాసులో పిల్లలకు చెప్పేదాన్ని. ఏటా అదే మాట, అదే గొంతుతో.

ఆ మాట నాచేత మాన్పించింది ఎండుచేపలు అమ్ముకునే ఒకావిడ. అడవులదీవి అవతల సముద్రం ఒడ్డున పల్లె ఆవిడది. వారానికి మూడు నాలుగు రోజులు తట్ట పట్టుకుని రేపల్లెలో మా ఆడవాళ్ళ పెట్టె ఎక్కేది. నాకంటే పదేళ్ళు పెద్దది కనుక నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను టీచరమ్మా అనేది. మొదట్లో తట్ట వాసనకు నేను కిటికీ వైపు జరిగి కూర్చున్న మాట నిజం. ఒకరోజు, మీరొక్కరే నవ్వుకుంటున్నారు, అందులో ఏముందో మాకూ చదివి పెట్టొచ్చు కదా అంది. చదివాను. మర్నాటి నుంచి పెట్టెలో నాకు సీటు ఆపి ఉంచేవాళ్ళు.

అప్పుడు చదువుతున్నది ఒక డాక్టరమ్మ జీవితం. ఆవిడకు జరిగిన సన్మానాల దగ్గర నేను గొంతు పెంచి చదువుతుంటే, వినేవాళ్ళు జడలు వేసుకుంటూ, బఠాణీలు నములుతూ కూర్చున్నారు. మొదటిసారి పరీక్ష తప్పి మూడు రోజులు ముద్ద ముట్టలేదని చదవగానే అందరూ ఇటు తిరిగారు. ఎవరు బతిమాలారు, మళ్ళీ కూర్చోమని ఎవరు చెప్పారు, ఆవిడ చదువుకుంటుంటే చంటిపిల్లను ఎవరు చూశారు అని ఒకటే ప్రశ్నలు. పుస్తకంలో అవేవీ లేవంటే రాసినాయన మీద కోపం వచ్చింది వాళ్ళకి. నాకు వాళ్ళ మీద కోపం వచ్చింది. గొప్పతనం వదిలేసి గంజీ గటకా అడుగుతారేమిటని.

తర్వాత బాపట్లలో రిటైరైన ఒక చరిత్ర లెక్చరర్ రాసిన పుస్తకం మొదలుపెట్టాను. ఆయన పల్లెపల్లె తిరిగి, కనపడిన ముసలివాళ్ళందరినీ అడిగి, మా తీరం చరిత్ర రాశారు. అప్పటికే నేను మూడుసార్లు చదివిన పుస్తకం. అందులో పాతికేళ్ళ కిందటి ఉప్పెన గురించి పెద్ద అధ్యాయం ఉంది. మా పెట్టెలో ఆ ఉప్పెన తగలని ఇల్లు లేదు కనుక వాళ్ళకు నచ్చుతుందనుకున్నాను. మొదటి రోజు ఒక పల్లెలో పడవలు కాపాడుకున్న సంగతి చదివాను, రెండో రోజు అదే పల్లెలో మనుషుల సంగతి వచ్చింది. సాయంత్రం నీళ్ళు మీదికి వస్తున్నప్పుడు పల్లెపెద్ద పదకొండు మంది ఆడవాళ్ళనీ పిల్లల్నీ పడవ తాళ్ళతో తాటిచెట్లకు కట్టించాడనీ, వాళ్ళంతా బతికారనీ చదివి తల ఎత్తాను. అక్క ముఖం మాడిపోయి ఉంది.

"అది మా పల్లే," అంది. "కట్టింది పెద్ద కాదు. మా అత్త."

పుస్తకంలో అలా లేదన్నాను.

"పుస్తకం ఆడ లేదు గదా టీచరమ్మా. నేనున్నాను."

అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకుంటే నేను టీచర్ని ఎందుకవుతాను? పాతికేళ్ళ తర్వాత జ్ఞాపకాలు కలగాపులగమవుతాయనీ, చరిత్ర రాసేవాళ్ళు నలుగురినీ అడిగి సరిచూసుకుంటారనీ క్లాసు పీకాను. ఆవిడ అంతా విని, వచ్చే స్టేషన్లో తట్ట ఎత్తుకుని వేరే పెట్టెలోకి వెళ్ళిపోయింది. మర్నాడు మా పెట్టె ఎక్కలేదు. ఆ తర్వాతా ఎక్కలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదలడం లేదు నాకు. చదివింది నేను, చూసింది ఆవిడ. ఆ తేడా తెలియకుండా ఇన్నేళ్ళు చరిత్ర చెప్పానని సిగ్గేసింది.

నాలుగో రోజు తెనాలి ప్లాట్‌ఫారం మీద వెతికి పట్టుకుని, తప్పు నాదే అక్కా అన్నాను. నా మీద కోపం లేదంది.

"మా అత్తకి ఎనభై దగ్గర పడ్డాయి. ఆవిడ పోతే ఇంక ఆ పుస్తకంలో ఉందే నిజమైపోద్ది."

ఆ మాట విన్నాక ఊరికే ఉండలేకపోయాను. వాకబు చేస్తే, ఆ పుస్తకం రెండో ముద్రణకు తెనాలి ప్రెస్సులో సిద్ధమవుతోందనీ, ప్రూఫులు రచయిత దగ్గరే ఉన్నాయనీ, వారంలో అచ్చుకెక్కుతుందనీ తెలిసింది. ఆ ఆదివారం చర్చి మానేసి, అక్కను వెంటబెట్టుకుని బాపట్ల రైలెక్కాను.

లెక్చరర్ గారు మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టారు. అక్క చెప్పిందంతా విన్నారు. లోపలికి వెళ్ళి పాత నోటుపుస్తకం తెచ్చి, పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టి నాకు చూపించారు. ఆ పల్లెలో ఆయనతో మాట్లాడింది ఎవరో కాదు, అక్క అత్తగారే. పెద్ద కట్టమన్నాడు, కట్టుకున్నాం, బతికాం అని ఆవిడ చెప్పిన మాట అక్కడ రాసి ఉంది. నేను పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాను. అక్క మాత్రం నవ్వింది.

"అట్టా గాక ఎట్టా చెప్తది సార్? కాయితం, పెన్ను పట్టుకుని ఎవరొచ్చినా గవర్నమెంటోళ్ళే అనుకుంటాం. పెద్ద పక్కనే నిలబడి ఉంటే, నేను కట్టానని ఆడది చెప్పుద్దా? మా పల్లెలో ఏ మంచి జరిగినా పెద్ద పేరే చెప్తాం. అది మా కట్టుబాటు."

ఆయన నోటుపుస్తకంలో ఆ పేజీ మళ్ళీ చదివారు. ఆవిడ చెప్పింది నిజమే కావచ్చునన్నారు. కానీ అత్తగారే స్వయంగా చెప్పిన మాట తీసేసి, కోడలి మాట పెట్టాలంటే ఇంకో ఆధారం ఉండాలి కదమ్మా అన్నారు. అందులో అన్యాయమేమీ లేదు. నేనే ఆయన స్థానంలో ఉన్నా అదే అనేదాన్ని. ఇక లేవడమే అనుకున్నాను.

అక్క లేవలేదు. నా వైపు తిరిగి, రైల్లో మొదటి రోజు చదివిన కాయితం మళ్ళీ తీసి చదవమంది. పడవల సంగతి ఉన్నది. తీసి చదివాను. గాలి ముదురుతుంటే పల్లెపెద్ద మగవాళ్ళందరినీ తీసుకుని మధ్యాహ్నమే పడవలు కట్టడానికి కాలువ సముద్రంలో కలిసే మొగకు వెళ్ళాడు. దారి మునిగిపోయి, మూడో రోజుకు గానీ వాళ్ళు పల్లెకు తిరిగి రాలేకపోయారు.

"ఆ కాయితంలో మూడో రోజుకి గానీ రాని మడిసి," అంది అక్క, "ఈ కాయితంలో ఆ సాయంత్రమే తాటిచెట్ల కాడికి ఎట్టా వచ్చాడు సార్?"

ఆయన నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నంత పని చేశారు. ఒక పేజీ చదివి, ఇంకో పేజీ చదివి, మళ్ళీ మొదటి పేజీ చదివారు. తర్వాత పగలబడి నవ్వారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని విన్నానుగానీ ఇలా ఎదురుగా చూడలేదమ్మా అన్నారు. రాసినాయనకు, అచ్చువేసినవాళ్ళకు, మూడుసార్లు చదివిన నాకు కనపడనిది, అక్షరం ముక్క రాని ఆవిడకు రైలు మోతలో వినపడింది. చదవేస్తే ఉన్న మతి పోయిందనేది నన్ను చూసే పుట్టి ఉంటుంది. అయినా నాకు ఈల వేయాలన్నంత సంతోషంగా ఉంది. ఆయన ప్రూఫు తీసి, పల్లెపెద్ద అన్నచోట ఎర్ర సిరాతో కొట్టేసి, అక్క చెబుతుంటే అత్తగారి పేరు రాశారు.

మర్నాడు ఆ సంగతి చెబితే పెట్టె అంతా చప్పట్లు కొట్టారు. ఇలాంటి పుస్తకాల్లో ఏముందో నాకు ఆ రోజు తెలిసింది. గొప్పతనం అంటించుకోవడానికి ఎవరూ చదవరు. మన బతుకు లెక్కలోకి వచ్చిందా లేదా అని చూసుకోవడానికి చదువుతారు. రాకపోతే పోట్లాడి రాయించుకోవచ్చు కూడా. నవల రాసినాయనతో అలా పోట్లాడగలమా?

రెండో ముద్రణ వచ్చాక లెక్చరర్ గారు, నేను ఆ పల్లెకు వెళ్ళాం. అక్క అత్తగారు నులకమంచం మీద కూర్చుని ఉంది. చెవులు కాస్త మందగించాయిగానీ చూపు చురుగ్గా ఉంది. దగ్గరగా కూర్చుని గట్టిగా చదివాను. తన పేరు వచ్చినప్పుడు, ఆగకుండా చదవమని చెయ్యి ఊపింది. పెద్ద పడవల్ని కాపాడాడు, ఆ మాట కూడా ఉందా అని అడిగింది. ఉందన్నాను. అయితే మళ్ళీ చదవమంది. రెండోసారి పదకొండు మంది దగ్గరకు రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"తప్పు. పన్నెండు."

మేం ముఖాలు చూసుకున్నాం. అక్క కూడా అర్థం కాక అత్త వైపు చూసింది. ముసలావిడ, మాకు టీ గ్లాసులు అందిస్తున్న పాతికేళ్ళ మనవరాలిని, అక్క కూతుర్ని చూపించింది.

"అది వాళ్ళమ్మ కడుపులో ఉంది అప్పటికి. దాన్నీ కట్టాను నేను."

అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. లెక్చరర్ గారు జేబులోంచి పెన్ను తీశారు. మూడో ముద్రణలో పన్నెండు మంది ఉన్నారు.